ఊరెళ్లిపోయే ప్రేమకథా, ఆఫీసులోనే తేలే ప్రేమకథా: ఏది మేలు?

ఉద్యోగంలో నలిగిపోయిన అమ్మాయి, ఆమెని మళ్లీ నవ్వించే అబ్బాయి. సరదా ప్రేమకథల్లో ఈ జంట ఎదురైనప్పుడు కథ దాదాపుగా రెండు దారుల్లో ఒకటి పడుతుంది. ఒకదాంట్లో ఆమె రాజీనామా పడేసి ఎక్కడో చిన్న ఊరికి వెళ్లిపోతుంది. అక్కడ పూలతోట నడుపుకునే మనిషొకడు తగులుతాడు. రెండోదాంట్లో ఎక్కడికీ పోదు. అదే కుర్చీ, అదే మేనేజరు, పక్క టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి.

చదవడానికి హాయి మొదటిదే. రోజంతా మీటింగుల్లో కూర్చుని వచ్చినవాళ్లకి పడుకునే ముందు ఇంకో ఆఫీసు చూడాలని ఎందుకుంటుంది? పని అలసట నుంచి ఎలా తేరుకుంటామో కొలవడానికి మనస్తత్వ పరిశోధకులు జబీనె జొన్నెన్‌టాగ్, షార్లట్ ఫ్రిట్జ్ 2007లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో చూసేవి నాలుగు: పని ధ్యాస పూర్తిగా వదిలిపోవడం, సేదతీరడం, కొత్తదేదైనా నేర్చుకోవడం, మన సమయం మన చేతిలో ఉండడం. ఊరి కథలో ఈ నాలుగూ అడగకుండానే వచ్చేస్తాయి. ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. లేచేసరికి పదవుతుంది. కుండ చేయడం నేర్చుకోబోతే అది మూకుడై కూర్చుంటుంది, పక్కన నిలబడ్డవాడు నవ్వాపుకోలేక తంటాలు పడతాడు. ప్రేమకీ కోలుకోవడానికీ ఒకే సీన్ సరిపోతుంది, రచయితకి కూడా సుఖం.

చిక్కంతా చివరి అధ్యాయాల్లోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ పట్టిక ఐసీడీ-11లో ఇలా పనిలో నలిగిపోవడాన్ని, అంటే బర్నౌట్‌ని జబ్బుగా కాక, పనికి సంబంధించిన పరిస్థితిగా చేర్చింది. ఎడతెగని పని ఒత్తిడిని సరిగా అదుపు చేయకపోవడం వల్ల వచ్చేదని, సత్తువ ఉడిగిపోవడం, పనంటే విరక్తి లేదా వెటకారం, పని సరిగా చేయలేకపోతున్నామనిపించడం దాని లక్షణాలని చెప్పింది. ఊరు మొదటిదాన్ని బాగుచేస్తుంది. మూడోదాని సంగతేంటి? తన పనితనం మీదే నమ్మకం పోయిన మనిషికి పూలు కోస్తే అది తిరిగొస్తుందా? కొందరు రచయితలు తెలివిగా ఆ తోట లెక్కలు ఆమె చేతే సరిచేయిస్తారు. సరే, ఆర్నెల్లకి ఆ తోటే ఇంకో ఆఫీసు కాదని ఏమిటి నమ్మకం? ఆ ప్రశ్న మనకి తట్టేలోపే ముద్దు పెట్టించి కథ ముగించేస్తారు.

ఆఫీసు కథకి అలా తప్పించుకునే వీల్లేదు, అందుకే నా ఓటు దానికి. పైగా ఇందులో హాస్యానికి ముడిసరుకు దండిగా ఉంటుంది. బర్నౌట్ లక్షణమైన ఆ వెటకారమే ప్రేమకథలో సంభాషణకి ప్రాణం. శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి మెసేజ్ వస్తుంది: "చిన్న మార్పే, ఐదు నిమిషాల పని." ఆమె ల్యాప్‌టాప్ మళ్లీ తెరుస్తుంది. బ్యాగు తగిలించుకుని వెళ్లబోతున్న అబ్బాయి ఆగుతాడు.

"సోమవారం చూస్తే కొంపేమైనా మునుగుతుందా?"

"మునగదు. మునిగిందని మెయిల్ మాత్రం వస్తుంది."

మొదట్లో ఈ మాటలు ఆమె జనాన్ని దూరం పెట్టడానికి వాడేవి. కథ సగానికొచ్చేసరికి అదే నోరు అతన్ని ఆటపట్టించడానికి పనికొస్తే, కోలుకుంటోందని ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.

ఇందులోనూ ఒక గొయ్యి ఉంది. హీరో ఆమె పైఅధికారి అయి, పని తగ్గించి మనసు గెలుచుకుంటే, హక్కుగా రావాల్సింది కాస్తా కానుక అయిపోతుంది. ఆమె తరఫున అతనే మేనేజరుతో పోట్లాడినా అంతే. బర్నౌట్‌కి కారణాలు వెతకాల్సిన చోట్లు ఆరని దాని మీద పరిశోధన చేసిన క్రిస్టినా మాస్లాక్, మైకేల్ లైటర్ చెబుతారు: పనిభారం, పని మీద మన అదుపు, గుర్తింపు, తోటివాళ్లు, న్యాయం, విలువలు. ప్రేమికుడు మహా అయితే తోటివాళ్ల లోటు తీర్చగలడు. మిగతావాటి కోసం నోరు విప్పాల్సింది ఆమే.

లాంగ్ లీవ్ పెట్టి, మధ్యలో ప్రేమలో పడి, తిరిగి చేరే కథలూ ఉన్నాయి. సెలవిచ్చిన ఊరట తిరిగి చేరాక కొద్ది వారాల్లోనే కరిగిపోతుందని పరిశోధనలు చెబుతున్నాయి కాబట్టి అసలు కథ ఆ వారాల్లోనే ఉండాలి. చాలావాటిలో అదే ఉండదు.

ఒళ్లు హూనమై ఇంటికొచ్చిన రాత్రికి ఊరి కథ తీసుకోండి, తప్పేం లేదు. రాయాలనుకుంటే మాత్రం ఆఫీసు కథే ఎంచుకోండి. ఊరే కావాలంటారా, అక్కడ ఎవరో అదనపు పని అంటగట్టబోతే ఆమె "ఇవాళ కుదరదు" అనే సీన్ ఒక్కటి పెట్టండి, ముద్దు కంటే ముందు.