లేయర్ 2 యాక్సెస్, లేయర్ 3 యాక్సెస్: క్యాంపస్ నెట్‌వర్క్‌కు ఏది మేలు?

అంతస్తుకొక యాక్సెస్ స్విచ్ (అక్కడి యంత్రాల కేబుళ్లు వచ్చి చేరేది), వాటన్నిటినీ కలిపే రెండు డిస్ట్రిబ్యూషన్ స్విచ్‌లు ఉన్న కళాశాలలోనైనా, ఆసుపత్రిలోనైనా, రూటింగ్ (ఐపీ చిరునామాను బట్టి ఒక నెట్‌వర్కు నుంచి మరో నెట్‌వర్కుకు దారి చూపడం) ఎక్కడ మొదలవ్వాలన్న ప్రశ్న తప్పదు. యాక్సెస్ స్విచ్‌లకు ఫ్రేములు (ఈథర్‌నెట్‌లో డేటా ప్రయాణించే మూటలు) చేరవేసే పని మాత్రమే అప్పగించి, వీల్యాన్‌ల (ఒకే స్విచ్‌ల మీద విడదీసిన వేర్వేరు నెట్‌వర్కుల) మధ్య రూటింగ్‌ను డిస్ట్రిబ్యూషన్ స్విచ్‌లకు వదిలేయడం ఒక పద్ధతి; ఇది లేయర్ 2 యాక్సెస్. రూటింగ్‌ను యాక్సెస్ స్విచ్‌లోనే మొదలుపెట్టి, పైకి వెళ్లే ప్రతి లింకునూ రూటెడ్ లింకుగా మార్చడం రెండో పద్ధతి; ఇది లేయర్ 3 యాక్సెస్. చాలాచోట్ల ధరనూ లైసెన్సునూ చూసి ఈ నిర్ణయం తీసుకుంటారు గానీ, స్విచ్ ఏ టేబుల్‌ను చూసి పని చేస్తుంది, అందులో జవాబు దొరకనప్పుడు ఏం చేస్తుంది అన్నవి ముందుగా చూడవలసిన సంగతులని నా అభిప్రాయం.

మొదటి పద్ధతిలో యాక్సెస్ స్విచ్‌కు ఆధారం మ్యాక్ టేబుల్. (మ్యాక్ చిరునామా అంటే నెట్‌వర్క్ కార్డుకు ఉండే హార్డ్‌వేర్ చిరునామా.) ఫ్రేము రాగానే, పంపిన యంత్రం మ్యాక్ చిరునామానూ, వీల్యాన్ సంఖ్యనూ, అది వచ్చిన పోర్టునూ కలిపి స్విచ్ నమోదు చేసుకుంటుంది. ఆపైన గమ్యం మ్యాక్ చిరునామా అదే వీల్యాన్ కింద నమోదై ఉందేమో వెతుకుతుంది. ఇక్కడ 48 బిట్లూ పొల్లుపోకుండా సరిపోవాలి. సిస్కో స్విచ్‌లలోనూ లినక్స్ బ్రిడ్జిలోనూ, మనం మార్చకపోతే, 300 సెకన్ల పాటు ఆ యంత్రం నుంచి ఏ ఫ్రేమూ రాకుంటే ఆ నమోదు చెరిగిపోతుంది. గమ్యం దొరకనప్పుడు స్విచ్ ఆ ఫ్రేమును పారవేయదు; వచ్చిన పోర్టును మినహాయించి, ఆ వీల్యాన్‌లోని మిగతా పోర్టులన్నిటికీ పంపుతుంది.

రూటింగ్ చేసే స్విచ్ తీరు ఇందుకు పూర్తిగా విరుద్ధం: గమ్యానికి దారి లేకపోతే, డిఫాల్ట్ రూటు (వేరే దారి లేనప్పుడు వాడేది) కూడా లేకపోతే, ప్యాకెట్‌ను పారవేస్తుంది. ఇక్కడ రెండు టేబుళ్లను వేరుగా చూడాలి. డైరెక్ట్‌గా కలిసిన నెట్‌వర్కులు, మనం చేత్తో రాసే స్టాటిక్ రూట్లు, రూటర్లు దారులను ఒకదానికొకటి తెలుపుకునే ఓఎస్‌పీఎఫ్ వంటి ప్రోటోకాళ్లు తెచ్చిన దారులు పోటీ పడేది రూటింగ్ టేబుల్‌లో. అందులో గెలిచిన దారులను హార్డ్‌వేర్‌కు అనువుగా దించి పెట్టుకున్నది ఫార్వర్డింగ్ టేబుల్. ప్యాకెట్ వెళ్లేది రెండోదాన్ని బట్టే. అందుకే సిస్కో స్విచ్‌లో రూటింగ్ టేబుల్‌ను చూపే 'షో ఐపీ రూట్' ఆదేశం సవ్యంగా కనిపిస్తున్నా ప్యాకెట్లు చేరకపోతే, ఫార్వర్డింగ్ టేబుల్‌ను చూపే 'షో ఐపీ సెఫ్' కూడా చూడాలి. ఈ సందర్భంలో తరచుగా వినిపించే ఒక అపోహను ప్రస్తావించాలి. స్టాటిక్ రూటుకు అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ (దారి తెచ్చిన మూలాన్ని ఎంత నమ్మాలో చెప్పే సంఖ్య; తక్కువైతే మేలు) 1, ఓఎస్‌పీఎఫ్‌కు 110 కాబట్టి ఎప్పుడూ స్టాటిక్ రూటే గెలుస్తుందనుకుంటారు. ఆ పోలిక ఒకే ప్రిఫిక్స్ (నెట్‌వర్క్ చిరునామా, /16 వంటి దాని పొడవు) రెండు మూలాల నుంచి వచ్చినప్పుడే వర్తిస్తుంది. స్టాటిక్‌గా 10.20.0.0/16 రాసి ఉన్నా, ఓఎస్‌పీఎఫ్ ద్వారా 10.20.9.0/24 తెలిసి ఉంటే, 10.20.9.40కు వెళ్లే ప్యాకెట్ ఓఎస్‌పీఎఫ్ చూపిన దారినే పడుతుంది. వెతుకులాటలో పొడవైన ప్రిఫిక్స్‌దే గెలుపు.

లూప్ ఏర్పడినప్పుడు ఈ రెండు పద్ధతుల తేడా బట్టబయలవుతుంది. ఐపీ ప్యాకెట్‌లో టీటీఎల్ (ఒక్కో రూటరు దాటినప్పుడు ఒకటి చొప్పున తగ్గే లెక్క) ఉంటుంది కాబట్టి, దారి తప్పి తిరిగే ప్యాకెట్ కొన్ని హాప్‌ల తరువాత నశిస్తుంది. ఈథర్‌నెట్ ఫ్రేములో అటువంటి లెక్క ఏదీ లేదు. ఎవరో ఒక ప్యాచ్ కేబుల్ రెండు కొనలనూ గోడ సాకెట్లలో పెడితే చాలు, బ్రాడ్‌కాస్ట్‌లు (అందరికీ పంపే ఫ్రేములు) ఆగకుండా తిరిగి ఆ వీల్యాన్‌ను ముంచేస్తాయి. 1985లో రేడియా పెర్ల్‌మన్ రూపొందించిన స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్ ఈ ముప్పును నివారిస్తుంది గానీ, అందుకు డబ్బు పోసి వేసిన రెండో అప్‌లింకును ఆ వీల్యాన్ వరకు ఖాళీగా కూర్చోబెడుతుంది. రూటెడ్ అప్‌లింకులైతే సమాన ఖర్చున్న రెండు దారులూ ఒకేసారి పని చేస్తాయి.

లేయర్ 2 పద్ధతిలో అంతకన్నా చిక్కైన సమస్య మరొకటి ఉంది. సిస్కో పరికరాలలో ఆర్ప్ నమోదు (ఏ ఐపీ చిరునామాకు ఏ మ్యాక్ చిరునామా అన్నది) సాధారణంగా 4 గంటలు నిలుస్తుంది, మ్యాక్ నమోదు 5 నిమిషాలే. ఒకే వీల్యాన్ పలు యాక్సెస్ స్విచ్‌లకు విస్తరించి ఉందనీ, రెండు డిస్ట్రిబ్యూషన్ స్విచ్‌లలో ఒకటి హెచ్‌ఎస్‌ఆర్‌పీ (రెండు పరికరాలు ఒకే గేట్‌వే చిరునామాను పంచుకునే ప్రోటోకాల్) యాక్టివ్‌గా, రెండోది స్టాండ్‌బైగా ఉందనీ అనుకుందాం. యంత్రాలు పైకి పంపేదంతా యాక్టివ్ మీదుగా పోతుంది. తిరుగు ట్రాఫిక్‌లో సగం స్టాండ్‌బైకి రావచ్చు. ఆ యంత్రం పంపే ఫ్రేములు స్టాండ్‌బైకి కనిపించవు కాబట్టి 5 నిమిషాలకు మ్యాక్ నమోదు పోతుంది, ఆర్ప్ నమోదు మాత్రం అలాగే ఉంటుంది. ఏ మ్యాక్ చిరునామాకు పంపాలో తెలుసు, ఏ పోర్టు నుంచి పంపాలో తెలియదు. ఫలితంగా ఒక్క యంత్రానికి వెళ్లవలసిన బ్యాకప్ ట్రాఫిక్ అంతా ఆ వీల్యాన్ మోస్తున్న లింకులన్నిటిపైకీ గంపగుత్తగా పారుతుంది. పరికరాలేవీ ఎర్రర్ చూపవు, ఏ లింకూ డౌన్ కాదు, నెట్ మాత్రం నెమ్మదిస్తుంది. ఆర్ప్ గడువును మ్యాక్ గడువు కన్నా తగ్గించడమో, మ్యాక్ గడువును ఆర్ప్ గడువుకు సమానం చేయడమో దీనికి మందు. రూటింగ్ యాక్సెస్ స్విచ్‌లోనే ఉంటే వీల్యాన్ అక్కడికక్కడే ముగుస్తుంది; ఆర్ప్, మ్యాక్ నమోదులు రెండూ ఒకే పెట్టెలో ఉండి, యంత్రం వచ్చే దారీ పోయే దారీ ఒకటే కాబట్టి ఈ సమస్యకు తావుండదు.

అలాగని లేయర్ 3 యాక్సెస్‌కు లోపాలు లేవని కాదు. ఒక వీల్యాన్‌ను రెండు భవనాలకు సాగదీయడం కుదరదు. ప్రతి స్విచ్‌కూ సొంత సబ్‌నెట్లు, డీహెచ్‌సీపీ రిలే (ఐపీ చిరునామా కోరే అభ్యర్థనను సర్వర్‌కు చేరవేసేది) కావాలి. ఒకే బ్రాడ్‌కాస్ట్ డొమైన్‌లో ఉంటేనే ఒకదాన్నొకటి గుర్తించే పాత కెమెరాలు, బయోమెట్రిక్ యంత్రాలు మొరాయిస్తాయి. ఓఎస్‌పీఎఫ్ తెలిసిన మనిషి కూడా అందుబాటులో ఉండాలి.

ఒకే భవనంలో నాలుగైదు స్విచ్‌లున్న కార్యాలయానికి లేయర్ 2 యాక్సెస్, పైన వీల్యాన్‌ల మధ్య రూటింగ్ చేసే లేయర్ 3 స్విచ్ సరిపోతాయి. అక్కడ ఓఎస్‌పీఎఫ్ పెట్టడం హంగు కోసమే అవుతుంది. పలు భవనాలున్న క్యాంపస్‌లో, కనీసం భవనాల మధ్య లింకులనైనా రూటెడ్‌గా మార్చాలి; సిబ్బందికి చేతనైతే యాక్సెస్ దాకా దించడమే మేలు. ఒక భవనంలో పెట్టిన లూప్ మరో భవనంలోని పరీక్షల విభాగాన్ని ఆపేయడం కన్నా, కొన్ని సబ్‌నెట్లు అదనంగా రాసుకోవడం తేలిక.

కొనే ముందు టేబుళ్ల పరిమాణం కూడా చూడాలి. పొడవైన ప్రిఫిక్స్‌ను ఒక్క వెతుకులాటలో పట్టే టీక్యామ్ ఖరీదైన మెమొరీ. దానిని స్విచ్‌లో రకరకాల పనులకు పంచుతారు; ముందే సిద్ధం చేసిన ఆ పంపకాన్ని టెంప్లేట్ అంటారు. సిస్కో పాత క్యాటలిస్ట్ 3560, 3750 స్విచ్‌ల డిఫాల్ట్ టెంప్లేట్‌లో సుమారు 6 వేల మ్యాక్ చిరునామాలు, 8 వేల రూట్లు పడతాయి. రూటింగ్ టెంప్లేట్‌లో 3 వేలు, 11 వేలు. వీల్యాన్ టెంప్లేట్‌లో మ్యాక్ చిరునామాలు 12 వేలు, హార్డ్‌వేర్ రూట్లు సున్నా. ఆ చివరి టెంప్లేట్‌తో రూటింగ్ చేయిస్తే భారమంతా సీపీయూ మీద పడుతుంది. పెద్ద పరికరాలకూ ఈ బెడద తప్పలేదు: 2014 ఆగస్టు 12న ఇంటర్నెట్ రూట్ల సంఖ్య 5,12,000 దాటినప్పుడు, డిఫాల్ట్‌గా అంతవరకే టీక్యామ్ కేటాయించి ఉన్న పాత రూటర్లు తడబడి, చాలాచోట్ల సేవలు దెబ్బతిన్నాయి. క్యాంపస్‌లో రూట్లు అన్ని ఉండవు గానీ, టెంప్లేట్ మారిస్తే స్విచ్‌ను రీలోడ్ చేయవలసి ఉంటుంది కాబట్టి, ఆ ఎంపిక స్విచ్‌ను ర్యాక్‌లో బిగించక ముందే జరగాలి.