మౌనమా, చప్పట్లా? మాజీ ఆటగాడిని క్లబ్ ఎలా సాగనంపితే మేలు

ఒక క్లబ్‌కు ఏళ్ల తరబడి ఆడి, అభిమానుల చేత తన పేరు మీద పాట కట్టించుకున్న ఫుట్‌బాల్ ఆటగాడు మరణించినప్పుడు, తర్వాతి మ్యాచ్ లోపు ఆ క్లబ్ ఒక నిర్ణయం తీసుకోక తప్పదు. ఆట మొదలయ్యే ముందు నిమిషం పాటు మౌనం పాటించాలా, చప్పట్లు కొట్టాలా, లేక అతని జెర్సీ నంబరుకు సరిపోయే నిమిషం వచ్చినప్పుడు అందరూ లేచి నిలబడాలా? ఆ నంబరును ఇక ఎవరికీ ఇవ్వకూడదన్న కోరిక కూడా ఆ వారంలోనే వినిపిస్తుంది. దూరం నుంచి చూసేవారికి ఇవన్నీ ఒకే సంతాపానికి వేర్వేరు రూపాలుగా తోచవచ్చు. కానీ స్టేడియంలో ఉన్నవారిని ఇవి ఒక్కొక్కటి ఒక్కో రకంగా పరీక్షిస్తాయి. పోయిన మనిషి వయసేమిటి, మరణం ఎలా వచ్చింది, ఆ రోజు ఎదుట ఉన్న జట్టు ఏది అన్నవి చూడకుండా ఎంచుకుంటే, ఎంత గొప్ప నివాళి అయినా తంతుగానే జరిగిపోతుంది.

మౌనానికి ఉన్న బరువు మిగిలిన వాటికి లేదు. బ్రిటన్‌లో ఈ ఆచారం 1919 నవంబరు 11న, మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించినవారి కోసం పాటించిన రెండు నిమిషాల మౌనంతో స్థిరపడింది; ఫుట్‌బాల్ మైదానాలూ దానిని అలవాటు చేసుకున్నాయి. మాంచెస్టర్ యునైటెడ్‌ను తీర్చిదిద్దిన మేనేజర్ మాట్ బస్బీ 1994 జనవరి 20న మరణించగా, రెండు రోజుల తర్వాత ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఎవర్టన్‌తో జరిగిన మ్యాచ్‌కు ఒకే ఒక్క బ్యాగ్‌పైపర్ వాయిస్తూ ముందు నడవగా రెండు జట్లూ మైదానంలోకి వచ్చాయి, ఆ తర్వాతి మౌనాన్ని ఎవర్టన్ నుంచి వచ్చిన అభిమానులు కూడా చెక్కుచెదరనివ్వలేదు. 2023 అక్టోబరు 21న అదే క్లబ్ మాజీ ఆటగాడు బాబీ చార్ల్‌టన్ కన్నుమూసినప్పుడు, మూడు రోజులకు కోపెన్‌హాగన్‌తో జరిగిన చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌కు ముందు క్లబ్ మళ్లీ అదే పద్ధతిని పాటించింది. అరవడానికే వచ్చిన వేలమంది అరవకుండా నిలబడతారు. ఎవరైనా ఒక్క కేకతో దానిని పాడుచేయవచ్చు, అయినా ఎవరూ చేయరు. మౌనానికి విలువ ఆ ప్రమాదం వల్లనే వస్తుంది.

దాని బలహీనత కూడా అక్కడే ఉంది. లివర్‌పూల్ ఆటగాడు డియోగో జోటా, అతని సోదరుడు ఆంద్రే సిల్వా 2025 జులై 3న స్పెయిన్‌లో కారు ప్రమాదంలో మరణించిన తర్వాత, ఆగస్టు 10న వెంబ్లీలో లివర్‌పూల్, క్రిస్టల్ ప్యాలెస్ ఆడిన కమ్యూనిటీ షీల్డ్ మ్యాచ్‌కు ముందు మౌనం ప్రకటించారు. ప్యాలెస్ అభిమానులున్న వైపు నుంచి వచ్చిన అరుపుల వల్ల రెఫరీ దానిని మధ్యలోనే ముగించవలసి వచ్చింది. ఇలాంటప్పుడు అల్లరి చేసేవారిని మందలించబోయి పక్కవారు వేసే కేకలే అసలు అల్లరిని మించిపోతాయి. అన్నిసార్లూ దురుద్దేశమే ఉంటుందని అనుకోలేము; స్టాండ్ వెనుక నడవాలలో ఉన్నవారికి మౌనం మొదలైన సంగతి తెలియకపోవచ్చు. కానీ టీవీలో చూస్తున్న కుటుంబానికి ఆ తేడా వినపడదు.

ఇంగ్లండ్‌లో చప్పట్ల పద్ధతి విస్తృతంగా వాడుకలోకి వచ్చినది 2005 నవంబరు 25న మాంచెస్టర్ యునైటెడ్ మాజీ ఆటగాడు జార్జ్ బెస్ట్ మరణించిన తర్వాత. అతని ఆట కన్నీళ్లకంటే ఆనందాన్నే గుర్తుకు తెస్తుంది గనుక చప్పట్లే తగినవన్న వాదన వినడానికి బాగుంటుంది. అయితే, ప్రత్యర్థి అభిమానుల అల్లరి చప్పట్ల హోరులో కలిసిపోతుందన్న సౌకర్యం కూడా దాని వ్యాప్తికి గట్టి కారణమేనని నా అనుమానం. మౌనంలో ప్రత్యర్థి కూడా మర్యాద చూపవలసి వస్తుంది. చప్పట్లలో అతను చేతులు కట్టుకుని కూర్చున్నా ఎవరికీ తెలియదు. మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్లు మరణించిన 1958 నాటి మ్యూనిక్ విమాన ప్రమాదానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 2008 ఫిబ్రవరి 10న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్, మాంచెస్టర్ సిటీ తలపడినప్పుడు, సిటీ అభిమానులలో కొందరు మౌనాన్ని చెడగొడతారన్న భయం ముందునుంచే ఉంది. అయినా క్లబ్ మౌనానికే కట్టుబడింది, వచ్చినవారు దానిని గౌరవించారు. చప్పట్లతో సరిపెట్టుకుని ఉంటే ఆ మర్యాద చూపే అవకాశమే సిటీ అభిమానులకు దక్కేది కాదు.

అలాగని చప్పట్లను తీసిపారేయలేము. జిమ్మీ గ్రీవ్స్ 81 ఏళ్ల వయసులో, 2021 సెప్టెంబరు 19న మరణించాడు; అదే రోజు టోటెన్‌హామ్ మైదానంలో చెల్సీతో మ్యాచ్ ఉంది. రెండూ అతను ఆడిన క్లబ్బులే, టోటెన్‌హామ్‌కు అతను చేసిన గోల్స్ 266. నిండు జీవితం గడిపిన అలాంటి గోల్ వీరుడికి రెండు వైపుల నుంచీ చప్పట్లు మోగడం కంటే సహజమైనది ఏముంటుంది? దీనినిబట్టి వృద్ధులకు చప్పట్లు, అకాల మరణానికి మౌనం అని ఒక సూత్రం చెప్పుకోవచ్చు గానీ, 2011 నవంబరు 27 ఆ సూత్రాన్ని నిలవనివ్వదు. వేల్స్ జాతీయ జట్టు మేనేజర్‌గా ఉన్న గ్యారీ స్పీడ్ 42 ఏళ్లకే మరణించిన వార్త వెలువడిన కొద్ది గంటలకే వేల్స్‌లోని స్వాన్సీలో ఆస్టన్ విల్లాతో మ్యాచ్ జరిగింది. మౌనం పాటించాలని అనుకున్నా, అది మొదలవుతూనే జనం తమంతట తామే చప్పట్లు అందుకున్నారు. అంత తాజా దెబ్బ మీద మౌనంగా నిలబడటం వారివల్ల కాలేదు.

మౌనం అసలు కుదరని సందర్భం కూడా ఒకటి ఉంది. ఎమిలియానో సాలా అనే ఆటగాడు ఫ్రాన్స్ క్లబ్ నాంత్ నుంచి వేల్స్ క్లబ్ కార్డిఫ్‌కు మారి, 2019 జనవరి 21న విమానంలో వెళుతూ గల్లంతయ్యాడు. జనవరి 30న నాంత్ సొంత మైదానంలో సెయింట్-ఎటియెన్‌తో ఆడే నాటికి అతని మృతదేహం దొరకలేదు. చనిపోయాడని నిర్ధారించకుండా మౌనం పాటిస్తే అది క్రూరంగా ఉంటుంది. అతని జెర్సీ నంబరు 9 గనుక తొమ్మిదో నిమిషంలో ఆట ఆపి చప్పట్లు కొట్టారు. చప్పట్లు బతికున్నవారికీ కొడతారు, పోయినవారికీ కొడతారు. ఆ రాత్రి నాంత్‌కు కావలసినది సరిగ్గా అదే.

ఈ జెర్సీ నంబరు నిమిషమన్నది నాకు అన్నింటికంటే ఆసక్తికరంగా కనిపిస్తుంది. 14వ నంబరుతో పేరొందిన నెదర్లాండ్స్ ఆటగాడు యోహాన్ క్రైఫ్ మరణించిన మరునాడు, 2016 మార్చి 25న, ఆమ్‌స్టర్‌డామ్‌లో నెదర్లాండ్స్, ఫ్రాన్స్ మ్యాచ్‌ను 14వ నిమిషంలో ఆపారు. గ్యారీ స్పీడ్ మరణించిన రెండు రోజులకు, అతని పాత క్లబ్ లీడ్స్ అభిమానులు నాటింగ్‌హామ్‌లో 11వ నిమిషం నుంచి పదకొండు నిమిషాల పాటు అతని పేరు పాడుతూనే ఉన్నారు, ఎందుకంటే లీడ్స్‌లో అతను ధరించినది 11వ నంబరు. ఎవరూ ప్రకటించనక్కరలేదు, రెఫరీ విజిల్ ఊదనక్కరలేదు. ఆ ఆటగాడు ఏ నంబరుతో ఆడాడో తెలిసినవారే లేస్తారు, తెలియనివారు పక్కవారిని అడిగి తెలుసుకుంటారు. మౌనానికి ఆ మనిషి గురించి ఏమీ తెలియనక్కరలేదు, దీనికి కొంతైనా తెలిసి ఉండాలి. క్లబ్ వదిలి వెళ్లిన ఆటగాడిని అభిమానులు మరిచిపోలేదని చెప్పడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తోచదు.

దీనికి ఒక గట్టి పరిమితి మాత్రం ఉంది. ప్రీమియర్ లీగ్‌లో ఆటగాళ్లకు సీజన్ అంతటికీ స్థిరమైన నంబర్లు వచ్చినది 1993–94లోనే. అంతకుముందు మైదానంలోకి దిగే పదకొండు మందికి 1 నుంచి 11 దాకా నంబర్లు ఇచ్చేవారు. ఆడే స్థానం మారితే నంబరూ మారేది. ఆ తరం ఆటగాళ్లలో చాలామందికి తమదని చెప్పుకునే నిమిషమే లేదు. కాబట్టి 1993కు ముందు ఆడినవారికి సొంత మైదానంలో మౌనం, బయటి మైదానాలలో చప్పట్లు మేలనీ, ఆ తర్వాతివారికి వారి నంబరు నిమిషమే మేలనీ నేను అంటాను. అదైనా మొదటి మ్యాచ్‌కూ, ఏటా వర్ధంతికి దగ్గరి మ్యాచ్‌కూ పరిమితం కావాలి. ప్రతి వారమూ కొడితే చప్పట్లు అలవాటైపోతాయి, మైదానంలో ఉన్న అతని స్నేహితులకు అది ప్రతిసారీ గాయాన్ని రేపుతుంది.

స్టేడియానికి పేరు పెట్టడం అతి కొద్దిమందికే తగిన గౌరవం. నేపుల్స్ క్లబ్‌కు ఆడిన మారడోనా మరణించిన కొద్ది రోజులకే, 2020 డిసెంబరులో, నేపుల్స్ తన సాన్ పావోలో స్టేడియానికి అతని పేరు పెట్టింది. అక్కడ దానికి ఎదురు చెప్పేవారు ఎవరుంటారు? మిగిలిన క్లబ్బులలో ఒక స్టాండ్‌కు పేరు పెట్టడమే ఎక్కువ.

జెర్సీ నంబరును శాశ్వతంగా పక్కన పెట్టడం మాత్రం మాజీ ఆటగాళ్ల విషయంలో నాకు సమ్మతం కాదు. జట్టులో ఉండగానే మరణించినవారి సంగతి వేరు. ఫియొరెంటినా కెప్టెన్ దావిదే ఆస్తోరి 13ను, లివర్‌పూల్ జోటా 20ను పక్కన పెట్టడంలో అర్థముంది. మొన్నటిదాకా అతను వేసుకున్న జెర్సీని మరొకరి ఒంటిమీద చూడలేరు. కానీ వెస్ట్ హామ్ క్లబ్ తన మాజీ ఆటగాడు బాబీ మూర్ మరణించిన పదిహేనేళ్లకు, 2008లో, 6వ నంబరును తీసివేసింది. మూర్ తర్వాత ఆ నంబరు ఎందరి వీపుల మీదో కనిపించింది, అంతమాత్రాన అతని పేరు చిన్నబోలేదు. లియాన్ చేసినది దీనికి తలకిందులు. ఆ క్లబ్ మాజీ ఆటగాడు మార్క్-వివియన్ ఫోయె 2003 జూన్ 26న లియాన్ స్టేడియంలోనే, కామెరూన్ తరఫున ఆడుతూ కుప్పకూలి మరణించగా, క్లబ్ అతని 17వ నంబరును పక్కన పెట్టింది. 2008లో కామెరూన్‌కే చెందిన జాన్ మకూన్ జట్టులో చేరినప్పుడు దానిని బయటికి తీసి అతనికి ఇచ్చింది. ఫోయె దేశం నుంచే వచ్చి, ఆ నంబరు విలువ ఎరిగిన ఆటగాడి వీపు మీద అది మళ్లీ మైదానంలో పరుగెత్తింది. మాజీ ఆటగాడి నంబరును పక్కన పెట్టాలనుకునే క్లబ్బులు ముందుగా లియాన్ దారిని పరిశీలించాలి.