జునిపర్‌కు ఎండెంత, నీడెంత: కోనసీమ డాబా మీద కొన్నేళ్లు పెంచిన తర్వాత

కడియం, కడియపులంక నర్సరీలలో బోన్సాయ్ కుండీల వరుస దగ్గర ఆగిన వారిని జునిపర్ అనే సతత హరిత చెట్టు ఇట్టే ఆకట్టుకుంటుంది. చిన్న కుండీలో ముదురు చెట్టు రూపం కనబడుతుంది కనుక, హాల్లో టీపాయ్ మీద పెట్టుకునే అలంకరణ మొక్కగా భావించి చాలామంది దాన్ని కొని తీసుకువెళతారు. అమలాపురంలో మా ఇంటి డాబా మీద, తూర్పు బాల్కనీలో, దక్షిణపు కిటికీలో, చివరకు ఎల్‌ఈడీ దీపాల కింద కూడా కొన్నేళ్లపాటు ఈ మొక్కలను పెంచి చూశాక నాకు కలిగిన అభిప్రాయం స్పష్టమైనది. మన డెల్టాలో జునిపర్ ఆరుబయటి మొక్క. వేసవిలో ఎండ నుంచి కాపాడవలసింది దాని ఆకును కాదు, దాని కుండీని.

మన దేశంలో జునిపర్ జాతులు సహజంగా హిమాలయాల ఎత్తైన వాలుల మీద, లాహౌల్, లడఖ్ వంటి చోట్ల పెరుగుతాయి. బోన్సాయ్‌గా మనకు ఎక్కువగా దొరికేవి చైనా, జపాన్ ప్రాంతాల జాతులు. ఎక్కడివైనా ఇవన్నీ బాహాటమైన ఎండలో పెరిగే చెట్లే. రోజుకు కనీసం 6 గంటలు నేరుగా ఎండ తగిలితేనే కొమ్మలు దట్టంగా, పొట్టిగా, గట్టిగా వస్తాయి. అంతకంటే తగ్గితే కొమ్మల మధ్య ఎడం పెరుగుతుంది, లోపలి ఆకు పసుపుబారి రాలిపోతుంది. ఆకు పూర్తిగా రాలి బోడిబారిన పాత కొమ్మ మీద జునిపర్ మళ్లీ చిగురు వేయదు. అందువల్ల నీడ చేసిన నష్టాన్ని తర్వాత ఎంత ఎండ పెట్టినా పూడ్చలేము, ఆ కొమ్మను కత్తిరించుకోవడమే మిగులుతుంది.

కోనసీమ ఇళ్లలో ఈ విషయం మరింత గట్టిగా గుర్తుంచుకోవాలి. మన పెరళ్లలో ఎండ చాలావరకు కొబ్బరి మట్టల మధ్య నుంచి జల్లెడ పట్టినట్టు దిగుతుంది. ఆ వెలుగులో కోకో, అరటి, కంద, పసుపు హాయిగా పెరుగుతాయి కాబట్టి జునిపర్‌కు కూడా అది చాలుననిపిస్తుంది, కానీ చాలదు. చెట్ల నీడ పడని డాబా ఉన్నవారికే ఈ మొక్క పూర్తిగా అచ్చివస్తుందని నేను నిర్మొహమాటంగా చెబుతాను.

డాబా మీద అసలు పరీక్ష వేసవిలోనే. మే నెలలో రాజమహేంద్రవరం వైపు ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. సముద్రం దగ్గరి మండలాల్లో అంకె కొంత తగ్గినా ఉక్క తగ్గదు. ఆ రోజుల్లో మొక్క మాడిపోవడానికి ఆకు మీద పడే ఎండే కారణమని అందరూ అనుకుని, దాన్ని తీసుకెళ్లి గదిలోనో వసారాలోనో పెడతారు. నా పరిశీలనలో, నీరు సరిగా అందుతూ వేర్లు చల్లగా ఉన్నంతవరకు అలవాటుపడిన జునిపర్ ఆకు ఆ ఎండను చాలావరకు తట్టుకుంటుంది. తట్టుకోలేనివి వేర్లు. నల్లటి ప్లాస్టిక్ కుండీ గోడ మధ్యాహ్నానికి చెయ్యి ఆనించలేనంతగా కాలుతుంది, కింద స్లాబు కూడా రాత్రి పొద్దుపోయే వరకు వేడిని వదులుతూనే ఉంటుంది. కుండీని ఇటుకల మీద ఎత్తి నిలబెట్టి, అడుగున గాలి ఆడనిచ్చి, పడమటి వైపున మరో పెద్ద మట్టికుండీనో తడిపిన గోనెపట్టానో అడ్డంగా ఉంచితే మొక్క తలకు ఎండ, కాళ్లకు నీడ దొరుకుతాయి. ఈ ఒక్క ఏర్పాటు చేసిన మొక్కలకూ చేయని మొక్కలకూ మధ్య తేడా రోహిణి కార్తె ముగిసేసరికి కంటికి కనబడింది. గ్రీన్ నెట్ కూడా వాడాను. సగం ఎండను ఆపే 50 శాతం నెట్‌ను రోజంతా కప్పి ఉంచితే కొమ్మలు సాగుతాయి. అదే నెట్‌ను వడగాడ్పుల రోజుల్లో మాత్రమే, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగింటి వరకు లాగి, తర్వాత తీసేస్తే మేలు చేస్తుంది. తీసేసే ఓపిక లేనివారు దాన్ని కట్టకపోవడమే మంచిది.

ఇక కిటికీల సంగతి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే విదేశీ సలహాలు మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. అమెరికా, ఐరోపా దేశాల వారు రాసిన సూచనలలో దక్షిణపు కిటికీయే శ్రేష్ఠమని ఉంటుంది. వారి అక్షాంశాలలో మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణాన ఉంటాడు కనుక అక్కడికి అది సరైన మాటే. మన డెల్టా దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మనకు ఉత్తరపు వైపునే ఉంటాడు. ఆ మూడు నెలలు దక్షిణపు గోడ మీద నేరుగా ఎండ పడనే పడదు. మార్చి, ఏప్రిల్‌లలో కూడా సూర్యుడు అంత ఎత్తున ఉండటం వల్ల కిటికీ మీది సన్‌షేడ్ ఆ ఎండను మింగేస్తుంది. డిసెంబరులో మాత్రం మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన సుమారు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు కాబట్టి ఎండ గది లోపలిదాకా వస్తుంది. అంటే దక్షిణపు కిటికీ మనకు అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకే ఉపయోగం. అడ్డం లేని తూర్పు బాల్కనీ ఏడాదంతా ఉదయపు ఎండనిస్తుంది, డాబా లేనివారికి నేను సిఫారసు చేసేది అదే. పడమటి బాల్కనీలోనూ పెరుగుతుంది కానీ వేసవిలో కుండీని కాపాడటం రెట్టింపు పని.

గది లోపలి వెలుతురును మన కన్ను సరిగా అంచనా వేయలేదు. వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. ఎండలో సుమారు లక్ష లక్స్ వెలుగు ఉంటే, వెలుతురు బాగా ఉందనుకునే హాల్లో చాలాసార్లు 200 నుంచి 500 లక్స్‌కు మించదు. ఫోన్లోని లక్స్ మీటర్ యాప్ కచ్చితంగా చూపకపోయినా ఈ అంతరాన్ని అర్థం చేసుకోవడానికి చాలు. మొక్కల కోసం చేసిన ఎల్‌ఈడీ దీపాన్ని (గ్రో లైట్) ఆకుకు జానెడు ఎత్తున, రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగించినప్పుడు మొక్క బతికింది, పచ్చగానే ఉంది, అయితే డాబా మీది మొక్కలకు వచ్చిన బిగువు దానికి రాలేదు. దీపాన్ని అందం కోసం పైకి ఎత్తితే లాభం లేదు. చిన్న దీపమైతే దూరం రెట్టింపయ్యేసరికి వెలుగు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా గాలి ఆడని గదిలో ఎర్రనల్లి అనే చిన్న పురుగు త్వరగా పడుతుంది. తెల్ల కాగితం మీద కొమ్మను తడితే కదిలే చుక్కలు కనబడతాయి. పండగకో, చుట్టాలు వచ్చినప్పుడో రెండు మూడు రోజులు లోపల ఉంచి మళ్లీ డాబా ఎక్కించడం వరకు అభ్యంతరం లేదు.

ముసురు పట్టిన రోజుల్లో వెలుతురు తగ్గితే మొక్క నీటిని తాగడమూ తగ్గుతుంది. అప్పుడు వేసవి లెక్కన నీరు పోస్తే వేరు కుళ్లుతుంది. మన ఒండ్రుమట్టి నీటిని పట్టి ఉంచుతుంది కనుక ముతక ఇసుక, చిన్న ఇటుక ముక్కలు ఎక్కువగా కలిపిన మట్టి వాడటం మంచిది.

కొనేవారు ఒక విషయం తప్పక పరీక్షించాలి. వేరు చచ్చిన తర్వాత కూడా జునిపర్ ఆకు కొన్ని వారాలపాటు పచ్చగా కనబడుతుంది. రంగు వెలవెలబోయి, వేలితో నలిపితే పెళపెళలాడితే అనుమానించాలి. చిన్న కొమ్మ బెరడును గోటితో గీరితే లోపల పచ్చదనం, తడి కనబడాలి. అలాగే నర్సరీలో ఆ మొక్క నెట్ కింద ఉందా, ఆరుబయట ఉందా అని చూడండి. నెట్ కింద పెరిగినదాన్ని ఇంటికి తేగానే నడిఎండలో పెడితే కొసలు మాడుతాయి. మొదట ఉదయపు ఎండలో ఉంచి, రెండు మూడు వారాల్లో మెల్లగా ఎండ గంటలు పెంచుతూ పోవాలి, వీలైతే ఆ కొనుగోలే వేసవిలో కాకుండా కార్తీకం తర్వాత పెట్టుకోవాలి.