విశాఖ తీరం నుంచి అరకు ఘాట్ దాకా: పాత ఫోర్‌వీల్ పికప్పు కోసం మా వెతుకులాట

పాత ఫోర్‌వీల్ డ్రైవ్ (ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ అందే) పికప్పును కొని బాగుచేయించుకోవాలనుకునేవారికి విశాఖపట్నం ఇచ్చే సదుపాయం మరో ఊరు ఇవ్వదని నా అభిప్రాయం. ఉప్పుగాలిలో నలిగిన బళ్లనూ, కొండల్లో తిరిగిన బళ్లనూ కొన్ని గంటల ప్రయాణ దూరంలోనే చూసి పోల్చుకునే వీలు ఇక్కడ ఉంది. రాజమహేంద్రవరం నుంచి లేత్ పని తెలిసిన మా బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లాను. బండి ఏ సంవత్సరానిది అని అడిగే ముందు అది ఎక్కడ బతికింది అని అడగాలన్నది ఈ ప్రయాణంలో నాకు స్థిరపడిన మాట.

మన దేశంలో పాత ఫోర్‌వీల్ అంటే ముందుగా మహీంద్రాయే గుర్తుకొస్తుంది. 1947లో విల్లీస్ జీపుల బిగింపుతో మొదలైన ఆ వంశంలో సీజే 3బీ అనే జీపు మోడల్ దశాబ్దాలపాటు నడిచింది. దాని 2.2 లీటర్ల హరికేన్ పెట్రోలు ఇంజిన్ స్థానంలోకి 1980లలో ప్యూజో రూపకల్పన చేసిన 2112 సీసీ డీజిల్ ఇంజిన్ వచ్చింది. పొడవాటి ఛాసిస్ (బండి మొత్తాన్నీ మోసే ఇనుప చట్రం) పై వెనుక తొట్టి కట్టిన జీపులే మేము వెతికిన పికప్పులు. 1988లో వచ్చిన టాటామొబైల్ పికప్పులు కూడా కంటికి నచ్చుతాయి గానీ, మాకు కనిపించినవన్నీ వెనుక చక్రాలకే శక్తి అందే బళ్లే కావడంతో వాటి దగ్గర ఎక్కువసేపు ఆగలేదు.

గాజువాక ఆటోనగర్‌తో మొదలుపెట్టాము. విడిభాగాలు, లేత్ షాపులు, రేకు పనివారు, కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) వేసేవారు అందరూ ఒకేచోట దొరకడం అక్కడి బలం. అమ్మకానికి ఉన్న బళ్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త కావాలి. మేము చూసిన ఒక పికప్పు పైకి పెళ్లికొడుకులా ఉంది, అడుగున కొత్తగా నల్లరంగు కొట్టి ఉంది. అది ఫిషింగ్ హార్బర్‌లో చేపలు మోసిన బండి. చేపల పెట్టెల నుంచి కారే ఉప్పునీరు, కరిగిన మంచు తొట్టి మూలల్లోంచి దిగి ఛాసిస్ అడ్డకమ్మీల మీదా, బాడీ బోల్టుల చుట్టూ నిలిచిపోతాయి. మా బావమరిది చిన్న సుత్తితో వరసగా తట్టుకుంటూ పోతే కొన్నిచోట్ల ఖంగుమన్న శబ్దం, కొన్నిచోట్ల అట్టను కొట్టినట్టు మొద్దు శబ్దం వచ్చాయి. "బావా, రంగే దీన్ని పట్టుకుని ఉంది" అన్నాడు. అంతటితో దాన్ని వదిలేశాము.

కంచరపాలెంలో జీపు పనిలోనే తల నెరిసిన ఒక మెకానిక్కు మాతో గడిపిన సమయం ఆటోనగర్‌లో చూసినదంతటికన్నా విలువైనది. "బాబూ, ఇంజిన్ ఎప్పుడైనా దొరుకుద్ది, ముందు ఛాసిస్ చూసుకోండి" అని ఆయన మొదలుపెట్టారు. గేరు కర్ర పక్కన మరో రెండు చిన్న కర్రలు ఉన్నాయో లేదో చూడమన్నారు. ఒకటి ముందు చక్రాలను కలుపుతుంది, రెండోది లో రేంజిలోకి, అంటే వేగం తగ్గి బలం పెరిగే గేరులోకి తెస్తుంది. ఆ లో రేంజిలో చక్రాలకు అందే లాగుడు శక్తి సుమారు రెండున్నర రెట్లు అవుతుంది. కర్రలు ఉన్నంత మాత్రాన ఫోర్‌వీల్ ఉన్నట్టు కాదనీ, ముందు చక్రాలకు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పేసి తిప్పుతున్న జీపులు చాలా ఉంటాయనీ, కిందకు వంగి చూడాల్సిందేననీ చెప్పారు. ఆయన మా దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు.

బస విషయానికొస్తే, గాజువాకలో హైవే పక్కనున్న లాడ్జిలో దిగాము. అద్దె తక్కువ, ఆటోనగర్ దగ్గర, కానీ రాత్రంతా లారీల హోరు. తర్వాత ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ద్వారకానగర్‌కు మారాము. అక్కడ భోజనానికి, బస్సులకు ఇబ్బంది లేదు. బండ్లు చూసే పని ఉన్నంతవరకు గాజువాక, కాగితాల పని మొదలయ్యాక ద్వారకానగర్ మేలు.

శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు సుమారు 115 కిలోమీటర్లు. కాఫీ తోటల్లోనూ సంతలకూ తిరిగిన జీపుల రేకు అక్కడ ఆశ్చర్యపడేంత గట్టిగా ఉంది. తుప్పు లేకపోలేదు గానీ అది పైపొరకే పరిమితమైంది. ఏళ్ల తరబడి ఘాట్ రోడ్డులో బరువు మోయడం వల్ల అరిగిన భాగాలు వేరు: ఇరుసులోని పళ్లచక్రాలైన క్రౌను, పినియన్, గేరుబాక్సు బేరింగులు, బ్రేకు డ్రమ్ములు, స్టీరింగు. ఇవన్నీ విప్పి మార్చగలిగినవి. కుళ్లిన ఛాసిస్‌ను అలా మార్చడం తేలిక కాదు. అందుకే కొండ బండి వైపే మొగ్గాను.

అరకులో మేము పరీక్షించిన పికప్పుకు డీజిల్ ఇంజిన్ ఉంది. చల్లటి ఉదయాన, అంతకుముందు ఎవరూ వేడిచేయకుండా స్టార్ట్ చేయించాము. ఆయిల్ మూత తీస్తే పొగ కొద్దిగానే వచ్చింది కాబట్టి వెంటనే బోరు పని (అరిగిన సిలిండర్లను తొలిచి సరిచేయడం) అవసరం లేదనుకున్నాము. ఫోర్‌వీల్‌ను మాత్రం తారురోడ్డు మీద కాకుండా వదులు మట్టిలో వేసి చూశాము. ఈ జీపుల్లో ముందు వెనుక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ (మలుపులో రెండు ఇరుసులనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే అమరిక) ఉండదు కనుక, గట్టి నేలపై మలుపు తిప్పితే షాఫ్టులన్నీ బిగుసుకుని భాగాలు దెబ్బతింటాయి. పర్యాటక శాఖ వారి హరిత రిసార్టులో బస శుభ్రంగా ఉంది. శీతాకాలపు వారాంతాల్లో గదులు దొరకడం కష్టం, ముందే బుక్ చేసుకోవాలి. పాడేరులో బస సౌకర్యాలు తక్కువ, పగలు చూసి తిరిగిరావడమే నయం.

కాగితాల మాట వివరంగా చెప్పాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న వాహనానికే వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుంది. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, అది 10 ఏళ్లు చెల్లుతుంది, కానీ రోజువారీ వాడకానికి అనుమతి ఉండదు. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. పెట్రోలు ఇంజిన్ తీసి డీజిల్ బిగించిన పాత సీజే 3బీలు ఎన్నో ఉన్నాయి, ఈ నియమం దగ్గర వాటికి చిక్కు వస్తుంది. 1980ల బండికి మామూలు పద్ధతిలో ఫిట్‌నెస్ చేయించి, అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడమే దారి. అరకు చుట్టుపక్కల కొరాపుట్ నంబర్లతో, అంటే ఓఆర్ 10తో మొదలయ్యే బళ్లు కనిపిస్తాయి. వాటికి ఒడిశా నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని, ఇక్కడ పన్ను కట్టాలి. ప్రభుత్వ కార్యాలయాల పాత జీపుల మీద ఆశ పెట్టుకోవద్దు, 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దవుతోంది. ఛాసిస్‌పై పొడిచిన నంబరును గుడ్డతో తుడిచి, సీ బుక్కు (రిజిస్ట్రేషన్ పత్రం)లోని నంబరుతో అంకె అంకెనూ పోల్చాకే బయానా ఇవ్వాలి.

మేము బేరం కుదుర్చుకున్న బండిని నడిపించకుండా టోయింగ్ లారీ మీద ఘాట్ దింపించాము. అరిగిన బ్రేకు డ్రమ్ములతో ఆ మలుపులు దిగడం ప్రాణాలతో చెలగాటం. మొదట మాట్లాడుకున్న టోయింగ్ మనిషి అనంతగిరి దాకా వచ్చి అదనంగా డబ్బు అడిగాడు. ఇంటి నుంచి ఇంటికి మొత్తం ఛార్జీని ముందే వాట్సాప్‌లో రాయించుకోవడం అవసరం. రేకు పనికి విశాఖలో షెడ్లు చూసినప్పుడు రేటు కంటే ముందు ఒకే ప్రశ్న అడిగాను: తుప్పు గీకి వెల్డింగ్ చేసిన రేకుకు ప్రైమరు ఎప్పుడు పూస్తారు? ఇక్కడి గాలికి పచ్చి రేకు రాత్రికి రాత్రే ఎర్రబారుతుంది. వారం తర్వాత అంతా కలిపి పూస్తామన్న రెండు పెద్ద షెడ్లను కాదని, ఏ భాగానికి ఆ పూటే పూస్తామన్న కంచరపాలెంలోని చిన్న షెడ్డుకు బాడీ పని అప్పగించి, గేరుబాక్సునూ ఇరుసుల హౌసింగులనూ విప్పించి మా వెంట రాజమహేంద్రవరం తెచ్చుకున్నాము.