బిజెన్‌ మేలా, అరితా మేలా?

జపాన్ వెళ్ళేవాళ్ళు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నది ఇదే: మట్టిపాత్రల ఊరు ఒక్కటే చూసే టైమ్ ఉంటే ఎక్కడికి వెళ్ళాలి, బిజెన్‌కా, అరితాకా?

చూడగానే ఆకట్టుకునేది అరితానే. జపాన్ పింగాణీ పుట్టిల్లు అది. కొరియా నుంచి వచ్చిన యీ సామ్ ప్యోంగ్ అనే కుమ్మరి 1616లో అక్కడ పింగాణీకి పనికొచ్చే రాయిని కనుక్కున్నాడని చెబుతారు. తెల్లటి పళ్ళేల మీద నీలం, ఎరుపు పూలు... పదిహేడో శతాబ్దంలోనే అవి డచ్చివాళ్ళ ఓడలెక్కి ఐరోపా చేరాయి. తోజాన్ గుడి ముందున్న తోరణం కూడా పింగాణీదే. ఇంటికి డిన్నర్ సెట్ కొనాలనుకుంటే ఇక ఆలోచించకండి, అరితానే.

అయినా నేను బిజెన్‌కే వెళ్ళమంటాను. దారి కలిసొస్తుంది: ఒసాకా, హిరోషిమా మధ్య ఒకయామాలో బుల్లెట్ ట్రైన్ దిగి లోకల్ రైలెక్కితే ముప్పావు గంటలోపే బిజెన్ కుమ్మరులుండే ఇంబే స్టేషన్. అరితాకైతే క్యుషు దీవి దాకా పోవాలి. కానీ నాకు ముఖ్యమైనది దూరం కాదు, మంట.

బిజెన్ పాత్రకు గ్లేజ్ పూత (గాజులా మెరిసే పైపూత) ఉండదు, బొమ్మలు వెయ్యరు. వరిపొలాల అడుగున తవ్వి తీసిన బంకమన్నును ఎర్ర పైన్ కట్టెలతో పది రోజుల నుంచి రెండు వారాల దాకా రాత్రింబవళ్ళు కాలుస్తారు. బట్టీలో ఎక్కడ పెట్టారన్నదాన్ని బట్టే రంగు. మంటకు దగ్గరగా ఉన్నదాని మీద బూడిద పడి కరిగి, నువ్వులు చల్లినట్టు మచ్చలు తేలతాయి. వరిగడ్డి చుట్టి కాల్చినదాని మీద ఎర్రటి చారలు. నివురులో కూరుకుపోయినది బూడిదరంగు, నీలం కలిసి వస్తుంది. ఇది తెలిశాక షాపులో ఏ కప్పు చేతికి తీసుకున్నా అది ఎలా కాలిందో మీరే చెప్పగలరు. అరితాలో చిత్రకారుడి పనితనానికి ముచ్చటపడతాం. ఇక్కడ ఒక్క పూటలో మన చూపే మారుతుంది. నాకు అదే గొప్ప.

ధర మాత్రం ఎక్కువే. చిన్న కప్పుకే వేల యెన్‌లు అడుగుతారు. అన్ని రోజుల కట్టె ఖర్చు, కాపలా చూస్తే అది న్యాయమే అనిపిస్తుంది.

మరో కుమ్మరి ఊరు తొకొనామె సంగతంటారా, అది నగోయా ఎయిర్‌పోర్ట్ పక్కనే. ఫ్లైట్‌కు ముందు సగం రోజు మిగిలితే ఎర్రమట్టి టీ కూజాలు చూసి రావచ్చు.

బిజెన్‌లో కొంటే పాత్ర అడుగు తడిమి చూడండి. గరుకుగా ఉంటే టేబుల్ మీద గీతలు పడతాయి. వాడే ముందు కాసేపు నీళ్ళలో నానబెడితే మరకలు అంత త్వరగా పట్టవు.