చవగ్గా వస్తున్నాయని బ్రాడ్‌హెడ్స్ కొనకండి, నేను కొని చూశాను

బ్రాడ్‌హెడ్స్ అంటే వేట బాణాల చివర బిగించే బ్లేడ్ల ములుకులు. గత నెల ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర అవి 12, 1,450 రూపాయలకు కొన్నాను. ఒక్కటీ పనికిరాలేదు. వాటిలో నాలుగింటిని చేతులారా పాడుచేసింది నేనే కాబట్టి ఆ సంగతి కూడా దాచకుండా చెబుతాను.

నేను ఉండేది వైజాగ్ ఎంవీపీ కాలనీలో. అక్కా బావా టెక్సస్‌లో ఉంటారు. బావ ఏటా విల్లుతో జింకల వేటకు వెళ్తాడు. అక్కడ లైసెన్స్ తీసుకుని చట్టప్రకారం చేసే పనే అది. ఆర్చరీ సీజన్ సెప్టెంబరు చివర్లోనో అక్టోబరు మొదట్లోనో మొదలవుతుంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళయితే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేసి ఉండాలి. పోయినేడు నేనూ ఆ కోర్సు చేసి బావతో వెళ్ళాను. మూడు రోజులు చెట్టు మీద కూర్చుని, ఒక్క బాణం కూడా వేయకుండా దిగాను. ఈసారి మళ్ళీ వెళ్తున్నాను కదా, ములుకులు ఇక్కడే చవగ్గా కొని పెట్టెలో పడేసుకుందామనుకున్నాను. అక్కడ పేరున్న రకం మూడింటికి పెట్టే డబ్బుతో ఇక్కడ రెండు డజన్లు వస్తాయని లెక్క వేసుకున్నాను. ఆ లెక్కే కొంప ముంచింది.

ఎంచుకోవడంలో మాత్రం తప్పు చేయలేదనే అనుకుంటున్నాను. నా విల్లు లాగే బరువు, అంటే తీగ లాగడానికి పట్టే బలం, 50 పౌండ్లే. తగలగానే రెక్కలు విచ్చుకునే మెకానికల్ రకమైతే, ఆ విచ్చుకోవడానికే బాణం బలం కొంత ఖర్చయిపోతుంది. అందుకని బ్లేడ్లు కదలని ఫిక్స్‌డ్ రకం, మూడు బ్లేడ్లది, 100 గ్రెయిన్ల (ములుకుల తూకానికి వాడే చిన్న కొలత) బరువుది చూసుకున్నాను. ప్రాక్టీస్‌కి వాడే మొనలు కూడా 100 గ్రెయిన్లవే. బరువు మారితే బాణం తగిలే చోటు మారుతుంది. ప్రకటనలో 'ఒకే ముక్క ఉక్కు' అని రాశారు. ఫొటో చూస్తే పేరున్న కంపెనీదే అనిపించింది.

పెట్టె వచ్చిన రోజు రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఒకటి తిప్పి చూశాను. అంచు పొడుగునా వెంట్రుక మందాన తెల్లటి గీత మెరుస్తోంది. నిజంగా పదునున్న అంచు మీద వెలుగు నిలవదు, గీత కనబడిందంటే అక్కడ మొద్దుగా ఉన్నట్టే. గోరు మీద ఆనించి చూశాను, జారిపోయింది. ఒకే ముక్క అన్నారు గానీ, బ్లేడ్లు గాడిలో దూర్చి అతికించినవి.

మర్నాడు కురుపాం మార్కెట్‌లో మాకు తెలిసిన కంసాలి దగ్గరకు తీసుకెళ్ళాను. "ఏటి బాబూ ఇవి, శివుడి త్రిశూలాలా?" అని నవ్వి త్రాసు మీద ఒక్కొక్కటే పెట్టాడు. 100 గ్రెయిన్లంటే 6.48 గ్రాములు. మొదటిది 5.9 చూపించింది, రెండోది 6.5, మూడోది 7.2. అంటే ఒకే పెట్టెలో 91 గ్రెయిన్లదీ ఉంది, 111 గ్రెయిన్లదీ ఉంది. ఇంటికొచ్చి బాణానికి బిగించి అరచేతిలో నిలబెట్టి తిప్పితే మొన నిలకడగా తిరగకుండా చిన్న సున్నా చుడుతోంది. రెండింటికైతే మర పూర్తిగా దిగనే లేదు, కాగితం దూరేంత సందు మిగిలింది.

నేను అక్కడే ఆగి వాపసు పంపి ఉంటే డబ్బులు వచ్చేవి. ఆగలేదు. బరువు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు పదును పెట్టిద్దాం అనుకున్నాను. అంతలో వీధిలోకి సాన పట్టే తాత సైకిల్ వచ్చింది. నాలుగు తీసి ఇచ్చాను. పాపం ఆయన తప్పేమీ లేదు. మా ఇంట్లో కత్తిపీటకి ఆయన పెట్టే పదును ఇంకెవరూ పెట్టలేరు. కానీ ఇంత పల్చటి బ్లేడును నీళ్ళు లేకుండా చక్రం మీద ఆనిస్తే, నిప్పురవ్వలతో పాటు అంచు రంగు కూడా మారింది. ముందు గడ్డి పసుపు, తర్వాత ఊదా, చివరికి నీలం. పనిముట్ల ఉక్కు నీలం రంగు తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీల వేడి తగిలినట్టు. ఆ వేడికి ఉక్కుకున్న గట్టిదనం పోతుంది. అప్పుడు దానికి పదును ఎక్కినా నిలవదు.

మిగిలినవాటి మీద కూడా అనుమానం వచ్చి ఆకురాయితో గీకాను. వెన్నలో దిగినట్టు దిగింది. ఆకురాయి కొంచెం పట్టడం తప్పేమీ కాదు, మంచి రెండు బ్లేడ్ల రకాల్లో కొన్నింటికి ఆకురాయితోనే పదును పెడతారు. ఇది మాత్రం గట్టిపరచిన ఉక్కే కాదు.

వీడియో కాల్‌లో చూపిస్తే బావ ముందు తిట్టాడు. "ఏరా, జింక మీద వెయ్యి రూపాయలు మిగుల్చుకుందామనుకున్నావా?" అన్నాడు. తర్వాత పద్ధతి చెప్పాడు. మూడు బ్లేడ్ల ములికిని రాయి మీద పడుకోబెడితే రెండు బ్లేడ్లు ఒకేసారి ఆనతాయి, కోణం దానంతటదే కుదురుతుంది. అంచుకి మార్కర్‌తో నల్లరంగు పూసి నాలుగుసార్లు రుద్దాలి. రంగు ఎక్కడ పోయిందో అక్కడే రాయి తగులుతున్నట్టు. ఒక పక్క రుద్దుతుంటే రెండో పక్క వేలికి గరుగ్గా సన్నటి పొర తగులుతుంది. వైపులు మార్చుతూ, చెయ్యి తేలిక చేసుకుంటూ ఆ పొర తీసేసి, చివర్లో పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగాలి. రెండు వేళ్ళ మధ్య రబ్బరు బ్యాండు సాగదీసి అంచుకి తాకిస్తే, నొక్కకుండానే తెగాలి.

అలాగే చేశాను. మొన వైపు సగం దాకా నల్లరంగు చెక్కుచెదరలేదు. బ్లేడ్లు సమంగా కూర్చకపోవడంతో రాయి వెనక సగానికే తగులుతోంది. గంటసేపు రుద్దాక రబ్బరు బ్యాండు తెగలేదు సరికదా, నా బొటనవేలు తెగింది. మొద్దు కత్తి మనల్నే కోస్తుందంటారు, అదన్నమాట.

ఇంత చాదస్తం ఎందుకంటే, బాణం తుపాకీ గుండులా దెబ్బతో పడగొట్టదు. రక్తనాళాలు తెగి, రక్తం పోయి జంతువు పడిపోతుంది. పదునైన అంచు నాళాన్ని శుభ్రంగా కోస్తుంది. మొద్దు అంచు పక్కకు నెట్టేసి పోతుంది. అప్పుడు ఆ జింక గాయంతో ఎక్కడికో పారిపోయి, రోజుల తరబడి బాధపడి చస్తుంది. పోయినేడు బావ టార్చిలైటు పట్టుకుని ఎండుటాకుల మీద రక్తపు చుక్కలు వెతుక్కుంటూ వెళ్తుంటే వెనకాల నేనూ నడిచాను. ఆ రాత్రి గుర్తున్నా ఈ సరుకు కొన్నానంటే నా కక్కుర్తి ఏ పాటిదో చూడండి.

వాపసు అడిగితే 'వాడిన వస్తువు తీసుకోం' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. సాన పట్టించిన గుర్తులు కనబడుతుంటే నేను మాత్రం ఏమని వాదిస్తాను? మీరు ఎక్కడ కొన్నా సరే, పెట్టె విప్పుతున్నప్పుడే వీడియో తీసి, తూకం వేసి, తిప్పి చూసి, అన్నీ కుదిరాకే రాయి ముట్టించండి.

ఇంకో సంగతి. అదే ప్రకటనలో అడవిపంది బొమ్మ పెట్టారు, కింద ఎవరో 'మా ఊళ్ళో పందులకి పనికొస్తాయా' అని తెలుగులో అడిగితే 'సూపర్' అని జవాబిచ్చారు. నమ్మి కంబాలకొండ అడవి వైపో, ఏజెన్సీ వైపో బయల్దేరారంటే జైలుకి పోతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో వేట నేరం. ఆ చట్టంలో ఆయుధం అన్న మాట కిందకి విల్లూ బాణాలూ కూడా వస్తాయి.

ఈసారికి బావే అక్కడ మూడు కొని ఉంచుతానన్నాడు. నావి పన్నెండూ అంచులకి టేపు చుట్టి, హార్లిక్స్ సీసాలో వేసి, పిల్లలకి అందకుండా అటక మీద పెట్టాను. నిన్న సాన తాత మళ్ళీ వచ్చాడు. కత్తిపీట ఇస్తే చక్రం తిప్పుతూ, "ఆ బాణాలు బాగా దిగాయా బాబూ?" అని అడిగాడు.