బరిసె మొనకు ఏది మేలు: ఒకే రాయా, ఎముకలో దిగిన బ్లేడు ముక్కలా?

తూర్పు సైబీరియా సముద్రంలో 76 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర జోఖోవ్ అనే చిన్న దీవి ఉంది. దాదాపు 9,000 ఏళ్ల కిందట అక్కడ వేటగాళ్లు కాపురమున్నారు. వాళ్ల వేటలో ముఖ్యమైనవి రెయిన్‌డీర్, తెల్ల ఎలుగుబంటి. 1989లో రష్యా పురావస్తు శాస్త్రవేత్త వ్లదీమిర్ పితుల్కో ఆధ్వర్యంలో తవ్వకాలు మొదలయ్యాయి. నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి ఎముక, కొమ్ము, చెక్క కుళ్లలేదు. అందుకే గాడిలో రాతి బ్లేడు (పొడవాటి సన్నని రాతి పెచ్చు) ముక్కలు దిగబడి ఉన్న పనిముట్లు అక్కడ దొరికాయి. మామూలు చోట్ల రాతి ముక్కలే మిగులుతాయి, పిడి సంగతి ఊహించుకోవాల్సిందే.

బరిసె మొన రెండు రకాలుగా చేయొచ్చు. రాయిని రెండు వైపులా చెక్కి ఆకు ఆకారం తేవడం ఒకటి. ఎముక మొనకు పక్కన గాడి తీసి, అందులో సన్నని బ్లేడు ముక్కలు వరుసగా కూర్చడం రెండోది. జోఖోవ్ వాళ్లు రెండో దారి పట్టారు.

బ్లేడు తీయడానికి కొట్టరు, నొక్కుతారు. కొడితే ఒకటి 2 మి.మీ. మందంతో, ఇంకోటి 4 మి.మీ. మందంతో, మరోటి విల్లులా వంగి వస్తాయి. గాడిలో వరుసగా కూర్చోవాలంటే మందం ఒకటే ఉండాలి. అందుకు ముందు కిందికి సన్నబడే మూలరాయిని, అంటే బ్లేడ్లు తీసే రాతి దిమ్మను, తయారు చేసుకోవాలి. పైన చదును, పక్కన తిన్నని నిలువు గట్లు ఉండాలి. గట్టు ఎటు పోతే బ్లేడూ అటే దిగుతుంది. రాయిని చీల్చిన చెక్కలో బిగించి, పై అంచున ముందుకు వచ్చిన పెళుసు పలుకును ఇసుకరాయితో అరగదీస్తారు. కొమ్ము మొనను అంచుకు 1–2 మి.మీ. లోపల ఆనించి, ముందు బరువంతా కిందికి మోపి, అది సడలకుండా మెల్లగా బయటికి తోస్తారు. టిక్కుమంటుంది, బ్లేడు ఊడి వస్తుంది.

చెడేది కూడా ఇక్కడే. అంచు సరిగా అరగదీయకపోతే బ్లేడు రాదు, అంచు నలిగి పొడవుతుంది. బయటికి తోపు తొందరపడితే బ్లేడు సగంలోనే మడత పడినట్టు ఆగి, రాయి మీద మెట్టు మిగులుతుంది. ఆ వరుసలో తర్వాత తీసేదీ ఆ మెట్టు దగ్గరే ఆగుతుంది. కింది వైపు నుంచి ఒక పెచ్చు లేపి మెట్టును తీసేస్తే తప్ప ఆ ముఖం పనికిరాదు. మొనను మరీ లోపల ఆనిస్తే ఇంకో తంటా: బ్లేడు మందంగా దిగి, రాయి అడుగును కూడా ఊడబెరుక్కుని వస్తుంది. మూలరాయి ఒక్కసారిగా పొట్టిదైపోతుంది.

వచ్చిన బ్లేడును మొత్తం వాడరు. పై చివర ఉబ్బు ఉంటుంది, కింది చివర వంపు ఉంటుంది. రెండూ విరిచేసి, తిన్నగా ఉన్న మధ్య ముక్కను గాడిలో పెడతారు. గాడి లోతు బ్లేడు వెడల్పులో సగం ఉంటే చాలు. మొనను ఎముకకు బదులు కొమ్ముతో చేస్తే, దాన్ని ముందు నానబెడితే గాడి తీయడం సులువు. ఇక జిగురు. నేడు ఇలాంటివి చేసి చూసేవారికి తెలిసిన సంగతే: చెట్టు బంక ఒక్కటే అయితే చలికి పెళుసెక్కి రాలుతుంది, కొంచెం మైనమో కొవ్వో కలపాలి. ఎక్కువైతే వెచ్చటి చోట మెత్తబడి ముక్కలు జారతాయి.

ఇంత తంటా ఎందుకంటే లెక్క చూడండి. 15 గ్రాముల ఆకు మొనకు అంచు మొత్తం కలిపి 12 సెం.మీ. అనుకుందాం. అదే బరువుకు గ్రాము చొప్పున 15 బ్లేడ్లు. ఒక్కో దాంట్లో 2.5 సెం.మీ. మధ్య ముక్క, అందులో బయటికి కనిపించేది ఒక అంచే. అయినా 37 సెం.మీ. దాటుతుంది. తరుగు రెండింటిలోనూ ఉంటుంది గానీ, ఆకు మొనలో అది ఎక్కువ. పైగా చెక్కుతుండగా చివర అదిరి, నడిమికి విరిగితే చేసిన పనంతా పోతుంది. వేటలో ఎముకకు తగిలి విరిగినా అంతే. రెండో రకంలో ఒక ముక్క రాలితే ఇంకోటి అతికిస్తే సరి. ఎముక కొంత వంగుతుంది, రాయి వంగదు.

ఆకు మొనకూ సుగుణం ఉంది. చేయి తిరిగినవాడికి గంటలోపు పని. గాడి అక్కర్లేదు, జిగురు కాచే నిప్పూ అక్కర్లేదు. తోలు గీకడానికైతే ఒకే రాయి పనిముట్టే మేలు, ఎందుకంటే అడ్డంగా పడే ఒత్తిడికి అతికిన ముక్కలు నిలవవు. కానీ చలికాలమంతా మంచు కప్పే చోట, ఎముకకు కొదవ లేని చోట, బరిసెకు మాత్రం మా ఓటు బ్లేడు ముక్కలకే.

రాయి కరువు వల్లే జనం ఇలా చిన్న ముక్కలు వాడారని ఎవరైనా అంటే ఒప్పుకోలేం. నంద్యాల జిల్లా జ్వాలాపురం రాతి గుహలో 34,000 ఏళ్ల కిందటి నుంచే చిన్న రాతి పనిముట్లు దొరుకుతున్నాయి. అక్కడ మంచూ లేదు, రాయికి కరువూ లేదు.

ఇక రాయి రకం. జోఖోవ్‌లో దొరికిన అబ్సిడియన్, అంటే లావా గాజు, రష్యా ఈశాన్య కొసన ఉన్న చుకోత్కాలోని క్రాస్నోయె సరస్సు ప్రాంతానిదని రసాయన పరీక్షల్లో తేలింది. నేరుగా కొలిచినా దాదాపు 1,500 కి.మీ. గాజు కాబట్టి తక్కువ ఒత్తిడికే నునుపుగా విడిపోతుంది, అంచు చెకుముకి కంటే పదును. కానీ ఎముకకు తగిలితే ముందు చిట్లేదీ అదే. మాంసం కోయడానికి అబ్సిడియన్, ఎలుగుబంటి పక్కటెముకల మధ్య దిగాల్సిన బరిసెకు చెకుముకి. అంత దూరం నుంచి వచ్చినా, మొత్తం రాతి సామానులో అబ్సిడియన్ చాలా కొద్దిగానే ఉంది. రోజువారీ పని నడిచింది చెకుముకి లాంటి రాళ్లతోనే.